నేలమీదినుండి లేచు తీరు: ఒక బాల్య కండరక్షయ వ్యాధి చరిత్ర

చాపమీద కూర్చుండి ఆడుకొనుచున్న అయిదేండ్ల పిల్లవానిని పిలిచినచో ఏమగును? పిలుపు ముగియకముందే వాడు లేచి పరుగెత్తుకొని వచ్చును. ఎట్లు లేచెనో మనము గమనింపము, వానికిని తెలియదు. కాని ఈ చిన్నపనిలో శరీరమంతయు భూమ్యాకర్షణకు ఎదురు నిలువవలసి యున్నది. వంగియున్న తుంటికీళ్లను పిరుదులలోని పెద్ద కండరములు సాచవలెను. ముడుచుకొనియున్న మోకాళ్లను తొడ ముందుభాగపు కండరములు సాచవలెను. దేహములోని కండరములలో ఇవి మిక్కిలి బలిష్ఠమైనవి. ఇవి సరిగానున్నంత కాలము లేచుట యొక పని యని కూడ మనకు తోచదు. ఇవి బలహీనమైన బాలుడు మాత్రము లేచుటకు ఒక ఉపాయము కనిపెట్టుకొనును. ఎవరును నేర్పకయే, ఏ దేశములో పుట్టిన బాలుడైనను, ఇంచుమించుగా అదే ఉపాయమును కనిపెట్టును. ఆ ఉపాయమును వైద్యులు ఎట్లు చదివిరి, దానినుండి ఏమి తెలిసికొనిరి అనునదే ఈ వ్యాసమునకు విషయము.

ఈ వ్యాధికి నేడు డ్యూషెన్ కండరక్షయమని పేరు. ఇది దాదాపుగా మగపిల్లలకే వచ్చును. 3,500 మొదలు 5,000 వరకు మగశిశువులు పుట్టినచోట ఒకనికి ఇది ఉండునని అంచనా. పుట్టినప్పుడు బిడ్డ చూపులకు ఆరోగ్యముగనే ఉండును. నడక మాత్రము కొంత ఆలస్యముగా వచ్చును. మూడు నాలుగేండ్ల ప్రాయమున తరచుగా పడుచుండును. మెట్లెక్కుటకు గోడనో కటకటాలనో పట్టుకొనును. తోడిపిల్లలతో సమముగా పరుగెత్తలేడు. చికిత్స లేనిచో పండ్రెండు పదమూడేండ్లకే నడక పోవును. పిమ్మట వెన్ను వంకర తిరుగును. ఊపిరి తీయు కండరములును గుండెయు క్రమముగా బలహీనమగును. స్టీరాయిడ్ మందులు, ఇంటిలో వాడదగిన శ్వాసయంత్రములు రాకముందు ఈ రోగులు ఇరువది యేండ్లు దాటి జీవించుట అరుదుగా నుండెను.

ఇంతటి వ్యాధి పందొమ్మిదవ శతాబ్దము వరకు వైద్యుల కంటబడలేదా యని చదువరులు అడుగవచ్చును. కంటబడియే యుండును, కాని ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తింపబడలేదు. దీనికి కారణములు రెండు. కాళ్లు చచ్చుబడినచో దోషము నరములలోనో వెన్నుపాములోనో ఉండవలెనను నమ్మకము ఒకటి. రెండవది, ఈ పిల్లల పిక్కలు. మామూలుగా క్షీణించిన కండరము సన్నబడును. ఈ వ్యాధిలో పిక్కలు లావెక్కి, ముట్టుకొన్న రబ్బరువలె గట్టిగా నుండును. బక్కపలుచని తొడల క్రింద మల్లుని పిక్కలు! బిడ్డ కాళ్లు బలిసినవని సంతోషించిన తలిదండ్రులను ఎట్లు తప్పుపట్టగలము? వైద్యులే చాలకాలము తికమకపడిరి.

1836లో నేపుల్సు నగరమున కాంటే, జోయా అను ఇద్దరు వైద్యులు ఇద్దరు అన్నదమ్ములను గూర్చి వ్రాసిరి. కాళ్లతో ప్రారంభమై పైకి ప్రాకిన బలహీనత, లావెక్కిన పిక్కలు, పెద్దవానిలో గుండె కూడ చెడుట – ఇవి యన్నియు ఆ వ్రాతలో కలవు. ఐనను వారు దీనిని గండమాల వంటి వ్యాధి కండరములకు సోకుటగా తలచిరి. ఇటలీ వెలుపల ఆ వ్యాసమును చదివినవారు బహు కొద్దిమంది. మంచి పరిశీలన అయినను సరియైన ప్రశ్న వేయనిచో ఎట్లు మూలబడునో దీనివలన తెలియుచున్నది.

సరియైన ప్రశ్న వేసినవాడు లండను వైద్యుడు ఎడ్వర్డ్ మెరియన్. 1851 డిసెంబరులో ఆయన ఒక వైద్యసంఘ సభలో చదివిన వ్యాసము మరుసటి సంవత్సరము అచ్చయినది. ఆయన చూచిన ఒక కుటుంబమున నలుగురు అన్నదమ్ములకు ఈ వ్యాధి యుండెను. వారి అక్కచెల్లెండ్రు ఆరోగ్యవంతులు. ఒక బాలుడు మరణించినప్పుడు మెరియన్ శవపరీక్ష చేయించి, వెన్నుపామును నరములను జాగ్రత్తగా పరీక్షించెను. అందు ఏ లోపమును కనబడలేదు. కండరమును సూక్ష్మదర్శిని క్రింద చూచినప్పుడు తంతువులు విరిగి, కొవ్వుగను రేణువులుగను మారియుండెను. తంతువును చుట్టియుండు పలుచని పైపొర చిరిగి నశించినదని కూడ ఆయన స్పష్టముగా వ్రాసెను. అనగా వ్యాధి కండరములోనే పుట్టినది, మగపిల్లలకే వచ్చుచున్నది, కుటుంబములలో నడచుచున్నది, పైపొర తెగుచున్నది. ఈ నాలుగు మాటలును నేటికిని చెల్లుచున్నవి. పైపొరను గూర్చిన మాట యథార్థమని ఋజువగుటకు నూట ముప్పదియైదేండ్లు పట్టినది. అయినను వ్యాధికి మెరియన్ పేరు రాలేదు. కీర్తి పంపకములో న్యాయమును వెదకుట వ్యర్థమే కాని, ఈ విషయమున ఆయనకు ఋణపడియున్నామని చెప్పుటకు సంకోచింప నక్కరలేదు.

వ్యాధికి పేరిచ్చిన డ్యూషెన్ 1806లో ఉత్తర ఫ్రాన్సులోని బూలోన్ అను రేవుపట్టణమున పుట్టెను. ఆయన పూర్వులు సముద్రముపై బ్రతికినవారు. 1842లో పారిస్ చేరిన పిమ్మట ఆయనకు ఏ ఆసుపత్రిలోను స్థిరమైన ఉద్యోగము లేదు. చేతిలో ఒక విద్యుత్ పెట్టె పట్టుకొని ఆసుపత్రి వెంబడి ఆసుపత్రి తిరుగుచు, తనకు నచ్చిన రోగిని చూచినచో ఆగి, గంటల తరబడి పరీక్షించెడివాడు. చర్మముపై రెండు తడి బొత్తాములనుంచి విద్యుత్తు పంపినచో క్రిందనున్న కండరము ఒక్కటియే ముడుచుకొనును. ఈ విధముగా ఏ కండరము ఏ పని చేయునో ఆయన బ్రతికియున్న మనుష్యులయందే తెలిసికొనెను. శవమును కోసి నేర్చుకొన్న శరీరశాస్త్రమునకును దీనికిని గల భేదము, ఆగిపోయిన గడియారమును చూచుటకును నడచుచున్న గడియారమును చూచుటకును గల భేదము వంటిది.

1861లో ప్రచురించిన గ్రంథమున డ్యూషెన్ పిక్కలు లావెక్కిన ఒక బాలుని గూర్చి వ్రాసి, దోషము మెదడులో నున్నదని ఊహించెను. ఆ ఊహను ఆయన పట్టుకొని వ్రేలాడలేదు. ఏడేండ్లు మరికొందరు రోగులను వెదకి చూచి, 1868లో పదముగ్గురిని ఆధారము చేసికొని వ్రాసిన దీర్ఘవ్యాసమున వ్యాధి కండరమునకు చెందినదని ఒప్పుకొనెను. రోగి జీవించియుండగనే కండరమును చూచుటకు ఆయన ఒక సాధనమును చేయించెను. అది కొక్కెము గల లావుపాటి సూది. కండరములోనికి గుచ్చి తీసినచో చిన్న ముక్క వెంట వచ్చును. ఆ ముక్కలో కండర తంతువుల నడుమ కొవ్వును నారవంటి ధాతువును పేరుకొనియుండుటను ఆయన చూచెను. పిక్క లావెక్కుటకు కారణము బలము కాదు, ఈ పూరకమే యని తెలిసినది. అందుచేతనే ఆ లావునకు మిథ్యాస్థూలత యని పేరు వచ్చినది. తొలిదశలో కొన్ని తంతువులు నిజముగనే లావెక్కునని తరువాతివారు సవరించిరి గాని, పేరు మాత్రము నిలిచినది.

రోగమును గుర్తించుటకు డ్యూషెన్ చెప్పిన లక్షణములు వినుడు. బలహీనత కాళ్లతో మొదలగును. నిలుచున్నప్పుడు నడుము లోనికి వంగి పొట్ట ముందుకు వచ్చును. నడచునప్పుడు కాళ్లు ఎడముగా వేసి ఇరుప్రక్కలకు ఊగును. బలహీనమైన కండరములే కొన్ని లావెక్కును. వ్యాధి ఆగక పెరుగును. ముదిరిన పిమ్మట విద్యుత్తునకు కూడ కండరము సరిగా ముడుచుకొనదు. జ్వరము గాని, స్పర్శలోపము గాని, మలమూత్రములపై అదుపు తప్పుట గాని ఉండవు. ఈ చివరి మాట తక్కువది కాదు. ఒక లక్షణము లేకుండుట కూడ లక్షణమే. వెన్నుపాము చెడినచో మూత్రముపై అదుపు పోవచ్చును, స్పర్శ మందగింపవచ్చును. అవి చెక్కుచెదరక, బలము మాత్రమే పోయినదన్నచో దృష్టిని కండరమువైపు త్రిప్పవలసి యుండును.

ఇక గోవర్స్ సంగతి. విలియం రిచర్డ్ గోవర్స్ 1845లో పుట్టి, లండనులో పక్షవాత, మూర్ఛ రోగుల కొరకు నెలకొల్పిన జాతీయ ఆసుపత్రిలో పనిచేసెను. ఆయనకు రెండు అలవాట్లుండెను. ఒకటి సంకేతలిపిలో వ్రాయుట. రోగి చెప్పిన ప్రతిమాటను ఆ లిపిలో ఎక్కించుకొనెడివాడు, వైద్యులందరును దానిని నేర్వవలెనని పట్టుపట్టెడివాడు. రెండవది బొమ్మలు గీయుట. ఈ రెండవ అలవాటే మన కథకు పనికివచ్చినది. 1879లో ఆయన ఈ వ్యాధిపై ఇచ్చిన ఉపన్యాసము పుస్తకముగా వెలువడినది. తాను చూచినవారిని, ఇతరులు వర్ణించినవారిని కలిపి 220 మంది రోగుల వృత్తాంతమును ఆయన అందు పరిశీలించెను. వ్యాధి తల్లివైపునుండి సంక్రమించుటను కూడ నొక్కిచెప్పెను. కాని లోకము జ్ఞాపకముంచుకొన్నది నేలమీదినుండి లేచుచున్న బాలుని బొమ్మలను.

లేచుటలో కష్టమున్నదని అంతకు పూర్వులకు తెలియక పోలేదు. గోవర్స్ చేసిన పని ఆ లేచుటను మెట్లుమెట్లుగా విడదీసి, ప్రతి మెట్టునకు కారణము చెప్పుట. వెల్లకిల పండుకొన్న బాలుడు తిన్నగా లేచి కూర్చుండడు. మొదట బోరగిల తిరుగును. చేతులమీదను మోకాళ్లమీదను నిలుచును. తరువాత కాళ్లను వెడల్పుగా జరిపి, చేతులు నేల నుంచియే, పిరుదులను పైకెత్తును. అప్పుడు దేహము గుడారపు ఆకారములో నుండును. అటుపిమ్మట చేతులను కొంచెము కొంచెముగా వెనుకకు నడిపించి, ఒక చేతిని ఎత్తి మోకాటిపై నుంచును. రెండవ చేయి రెండవ మోకాటిపైకి వచ్చును. ఇక ఆ చేతులు తొడలమీదుగా ఒకదాని తరువాత ఒకటి పైకి జరుగుచుండగా మొండెము నిటారగును. చెట్టెక్కువాడు మ్రానును పట్టుకొనినట్లు బాలుడు తన దేహమునే పట్టుకొని ఎక్కుచున్నాడు.

ఇందలి యంత్రశాస్త్రము ముచ్చటైనది. మొండెము ముందుకు వంగియున్నప్పుడు దాని భారమంతయు తుంటిమీద పడి, తొడద్వారా మోకాటిని వంచుటకు చూచును. తొడ కండరము దానిని ఆపలేదు. చేతిని మోకాటికి కొంచెము పైగా తొడపై ఊతగా నుంచినచో రెండు లాభములు కలుగును. భుజములనుండి దిగు భారములో కొంతభాగము తుంటిమీద పడక, చేతిద్వారా మోకాటికి దగ్గరగా దిగును. కావున మోకాటిని వంచు శక్తి తగ్గును. అంతేకాక చేయి తొడను వెనుకకు నెట్టును. ఆ నెట్టుటచేత మోకాలు సాగును. మోకాళ్లు సాగి నిలిచిన పిమ్మట తుంటిని సాచవలెను. అది పిరుదుల పని. అవియు బలహీనములే గనుక, తొడమీద చేతులను పైకి జరుపుచు మొండెమును చేతులబలముతో పైకి త్రోయును. పెద్ద కండరములు చేయలేని పనిని చేతులు చేయుచున్నవన్నమాట. వ్యాధి తుంటివద్ద ముందుగను చేతులయందు ఆలస్యముగను వ్యాపించుటచేతనే ఈ ఉపాయము కొన్నియేండ్లు సాగును. భుజములును క్షీణించిననాడు ఈ ఉపాయమును పనికిరాదు.

నిలువబడిన తీరునకును నడకకును కారణములు ఇట్టివే. పిరుదుల పట్టు తప్పి కటి ముందుకు వాలుటచేత, పడిపోకుండుటకు బాలుడు భుజములను వెనుకకు వేయును. నడుము గుంటపడి పొట్ట ముందుకు వచ్చును. తుంటి ప్రక్కనున్న కండరములు బలహీనమగుటచేత ఒంటికాలిపై నిలుచున్న క్షణమున కటి రెండవవైపునకు జారబోవును. దానిని ఆపుటకు మొండెమును ప్రక్కకు వంచుచు నడచును. అదే బాతునడక. మడమ వెనుకనున్న స్నాయువు బిగుసుకొనుటచేత మునివ్రేళ్లపై నడచును. దీనిని చూచి పాదములకు చెప్పులు మార్పించినవారును కలరు. మునివ్రేళ్లపై నడచు బాలుని పిక్కలను తడవి చూచుటయు, నేలమీద కూర్చుండబెట్టి లేపి చూచుటయు ఒక నిమిషపు పని.

తరువాతివారు చేర్చిన గుర్తులు కొన్ని కలవు. హైడెల్‌బర్గుకు చెందిన ఎర్బ్ 1875లో, వెస్ట్‌ఫాల్ అను మరియొకనితో ఏకకాలమున, మోకాటి క్రింద సుత్తితో తట్టినచో కాలు ఎగురుటను వర్ణించెను. ఈ వ్యాధిలో మోకాటి ఎగురు త్వరగా మాయమగును. మడమవద్ద తట్టిన కలుగు కదలిక చాలకాలము నిలుచును. బాలుని చంకలలో చేతులుంచి ఎత్తబోయినచో భుజములు పైకి జారి, బిడ్డ చేతులనుండి క్రిందికి జారిపోవుట ఇంకొక గుర్తు. కండరమునందే పుట్టు ఈ వ్యాధుల కుటుంబమునకు డిస్ట్రొఫీ అను పేరును స్థిరపరచినవాడును ఎర్బే.

గోవర్స్ గుర్తును చూచినంతనే డ్యూషెన్ వ్యాధి యని తీర్పు చెప్పరాదు. ఆ గుర్తు చెప్పునది ఒక్కటే: తుంటి, మోకాలు సాచు కండరములు బలహీనముగా నున్నవని. ఎందువలన బలహీనమైనవో అది చెప్పదు. 1956లో కూగెల్‌బర్గ్, వెలాండర్ అను స్వీడను వైద్యులు కండరక్షయమువలె కనబడు ఒక వ్యాధిని వర్ణించిరి. ఆ పిల్లలును తొడలు పట్టుకొని లేతురు. కాని వారి దోషము వెన్నుపాములోని నరకణములది. అంతకు పూర్వము అట్టివారిని కండరక్షయ రోగులుగనే లెక్కించిరి. కండరముల వాపు వ్యాధిలో కూడ ఇట్లే లేతురు. 1955లో బెకర్ అను జర్మను వైద్యుడు వేరుపరచిన వ్యాధి డ్యూషెన్ వ్యాధికి తమ్ముని వంటిది. అందును పిక్కలు లావుగ నుండును, కాని నడక చాలయేండ్లు నిలుచును. వెల్లకిల పండుకొన్న బాలుడు మెడను ఎత్తగలడా లేదా యని చూచుట ఇక్కడ ఉపకరించును. డ్యూషెన్ వ్యాధిలో మెడను ముందుకు వంచు కండరములు మొదటినుండియు బలహీనములు. బెకర్ వ్యాధిలో అవి సాధారణముగా బలము కలిగియుండును.

కావున కన్ను చూచినదానిని రక్తము చేత పలికించవలసి వచ్చినది. 1959లో జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషియు ఆయన సహచరులును ఈ రోగుల రక్తమున క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము మిక్కిలి హెచ్చుగా నుండుటను తెలిపిరి. కండరములో నుండవలసిన వస్తువు రక్తములోనికి కారుచున్నదన్నచో తంతువు పైపొరకు చిల్లులు పడియుండవలెను. 1986లో అమెరికాలో కుంకెల్ బృందము ఎక్స్ క్రోమోసోముపై దోషమున్న జన్యువును పట్టుకొనెను. 1987లో హాఫ్‌మన్, బ్రౌన్, కుంకెల్ ఆ జన్యువు తయారుచేయు ప్రోటీనును గుర్తించి డిస్ట్రొఫిన్ అని పేరిడిరి. ఆ ప్రోటీను ఉండుచోటు కండర తంతువు పైపొర లోపలి అంచు. మెరియన్ చిరిగినదని చెప్పిన పొర అదియే. తల్లికి రెండు ఎక్స్ క్రోమోసోములుండుటచేత ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. కొడుకునకు ఒక్కటియే గనుక దిక్కులేదు. అయినను ప్రతి తల్లియు దోషమును మోయుచున్నదని తలపరాదు. సుమారు మూడవవంతు రోగులలో మార్పు క్రొత్తగా పుట్టినదే.

జన్యువు దొరికిన పిమ్మట కంటితో చూచుట ముగిసినదని కొందరు తలచియుండవచ్చును. ఆ తరువాతనే, 1994లో, లక్నో నగరమున సంజయ్ గాంధీ వైద్యసంస్థకు చెందిన సునీల్ ప్రధాన్ ఒక క్రొత్త గుర్తును ప్రకటించెను. బాలుని చేతులను భుజముల ఎత్తునకు ప్రక్కలకు చాపించి, మోచేతులను వంచి అరచేతులు పైకి లేపించి, వీపువైపునుండి చూడవలెను. రెక్క ఎముకపైనున్న కండరము ఒక గుట్టవలె, భుజమును కప్పు కండరము ఇంకొక గుట్టవలె ఉబ్బియుండగా, నడుమ చంక వెనుకమడతలో ఒక లోయ కనబడును. గోవర్స్ ఆ పైకండరము లావెక్కుటను, చంక వెనుకమడత కండరము సన్నబడుటను నూరేండ్ల క్రిందటనే వ్రాసియుండెను. రెంటిని ఒక్క చూపులో కలిపి చూచుటకు తగిన భంగిమను మన దేశపు వైద్యుడు కనిపెట్టెను.

ఇంత తెలిసియు, పిల్లలు ఆలస్యముగానే పట్టుబడుచున్నారు. 2009లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, తొలిగుర్తు ఇంటివారి కంటబడినది సగటున రెండున్నర యేండ్ల వయస్సున. వ్యాధి నిశ్చయమైనది దాదాపు అయిదేండ్లకు. ఈ నడుమ రెండున్నర యేండ్లు సామాన్యమైనవి కావు. మందు ఆలస్యమగుట అటుండగా, ఆ కాలములోనే రెండవ బిడ్డ పుట్టవచ్చును. ఆ బిడ్డయు మగవాడై, అదే దోషముతో పుట్టవచ్చును. ఈ విషయమున మన ఇండ్లకు ఒక అనుకూలత కలదనిపించును. కుర్చీలపై పెరుగు పిల్లలకంటె, నేలమీద కూర్చుండి తిని, నేలమీద పండుకొని లేచు పిల్లల లేచుతీరు తల్లికి దినమునకు పదిసార్లు కనబడును. ‘వీడు తొడలు పట్టుకొని లేచుచున్నాడు’ అని తల్లి చెప్పినచో వైద్యుడు ఆ మాటను ‘బలము చాలలేదు, టానిక్కు పోయుడు’ అని త్రోసివేయరాదు. క్రియాటిన్ కైనేజ్ పరీక్షకు కొద్దిపాటి రక్తము చాలును. దాని ఖర్చు పెద్దది కాదు. అది హెచ్చుగా నున్నచో జన్యుపరీక్ష.

ఈ గుర్తును ఇప్పుడు కొలుచుచున్నారు కూడ. బ్రిటనులో రూపొందించిన నార్త్ స్టార్ అను కొలమానమున పదునేడు పనులు కలవు. ప్రతిదానికి సున్న, ఒకటి, రెండు చొప్పున మొత్తము 34 మార్కులు. అందులో నేలమీదినుండి లేచుట ఒకటి. దానికెన్ని సెకండ్లు పట్టెనో వేరుగా వ్రాయుదురు. క్రొత్త మందుల పరీక్షలలో ఈ సెకండ్లను లెక్కలోనికి తీసికొనుచున్నారు. లేచుటకు పట్టు కాలము ఏటేట పెరుగుచున్నచో నడక ఆగు కాలము సమీపించుచున్నదని గ్రహింతురు. పరీక్షించునప్పుడు బాలుని చేతికి అందునంత దూరములో కుర్చీ గాని గోడ గాని ఉండరాదు. ఏదేని అందినచో వాడు దానినే పట్టుకొనును, తొడలను పట్టుకొనడు. వెల్లకిల పండుకొనబెట్టి లేపవలెను. కూర్చుండబెట్టి లేపినచో బోరగిల తిరుగుట అను తొలిమెట్టు తప్పిపోవును. మూడేండ్లలోపు ఆరోగ్యవంతులైన పిల్లలును తిరిగి, చేతులూని లేచుట కలదు గనుక, ఆ వయస్సున ఈ ఒక్క గుర్తుపైననే ఆధారపడక పిక్కలను, మెడను, నడక వచ్చిన కాలమును కూడ విచారింపవలెను.